చెలాన్ సరస్సుపై ఒక శనివారం

మా పెద్దబ్బాయి ఉద్యోగరీత్యా పదకొండు సంవత్సరాలుగా అమెరికాలోని సియాటిల్ నగర సమీపంలో నివసిస్తున్నాడు. వేసవికాలంలో సెలవు రోజున వాడికి ఫోను చేస్తే తరచుగా గాలి హోరు, నీటి చప్పుడు వినబడేవి. "పడవలో ఉన్నాను అబ్బాజాన్, చేపలకు వచ్చాము" అనేవాడు. ముప్పై ఏళ్ళుగా మదరసాలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి నేను. కాలం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు అనీ, దాన్ని వినోదాలకు ధారపోయరాదనీ రోజూ చెప్పే నోరు నాది. కనుక ఆ జవాబు విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. దాని వెనుక మరో పాత బాధ కూడా ఉంది. ఈ అబ్బాయి పన్నెండేళ్ళ వయసుకే దివ్యఖుర్ఆన్‌లో మొదటి పదిహేడు పారాలు కంఠస్థం చేశాడు. ఆ తరువాత బడి చదువు వైపు మొగ్గాడు. హిఫ్జ్ అక్కడితో ఆగిపోయింది. నేను వాణ్ణి ఎన్నడూ నిందించలేదు. నిందించలేదనే ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను.

నిరుడు జూలైలో నేనూ, మా ఇంటావిడా వాడి దగ్గరకు వెళ్ళాము. మనవడికి తొమ్మిదేళ్ళు. "దాదా, మాతో చెలాన్ సరస్సుకు రండి" అంటూ మూడు రోజులు నా చుట్టూ తిరిగాడు. కాదనలేకపోయాను. బయలుదేరే ముందురోజు రాత్రి అబ్బాయి తన కంప్యూటరు ముందు కూర్చుని, "అబ్బాజాన్, ఇక్కడ పదిహేనేళ్ళు నిండినవారెవరైనా చేపలు పట్టాలంటే లైసెన్సు ఉండాలి. మీకు కూడా ఒకటి తీసుకుంటాను" అన్నాడు. "నేను చూడటానికి వస్తున్నాను, ఆడటానికి కాదు. నాకెందుకది?" అన్నాను. ఆ మాటలో కొంత పుల్లవిరుపు ఉందని వాడికి తెలిసింది. మరి మాట్లాడలేదు.

శుక్రవారం జుమా నమాజ్ ముగిసిన వెంటనే, వాహనం వెనుక పడవను తగిలించుకుని ముగ్గురమూ బయలుదేరాము. ఆ పడవ వాడూ, వాడి సహోద్యోగీ కలిసి కొనుక్కున్నది. పద్దెనిమిది అడుగుల అల్యూమినియం పడవ. చెలాన్ సుమారు 180 మైళ్ళు. ఇంత దూరం ఎందుకు, మీ ఇంటి దగ్గరే సమామిష్ అనే పెద్ద సరస్సు ఉన్నది కదా అని అడిగాను. అక్కడ కూడా ఈ చేప ఉందిగానీ, ఆ సరస్సులో తరతరాలుగా పుట్టి పెరుగుతున్న ఆ జాతి ఇప్పుడు చాలా తగ్గిపోయిందట. అందుచేత అక్కడ దాన్ని పట్టి ఉంచుకోవడం నిషిద్ధమని చెప్పాడు.

దారిలో కాస్కేడ్ పర్వతశ్రేణి అడ్డంగా వస్తుంది. పడమటి వైపంతా ముసురు, నాచు, ఆకాశాన్నంటే దేవదారుల వంటి చెట్లు. కనుమ దాటి తూర్పు వైపు దిగేసరికి అల్లాహ్ మరో పుట తిప్పినట్లుగా ఉంటుంది. మబ్బులు పర్వతాల మీదే ఆగిపోతాయి. ఎండిన గడ్డి, బోడికొండలు, కడపజిల్లాను తలపించే వేడిగాలి. ఆ ఎండుభూమిలోనే కొలంబియా నది ఒడ్డున, కాలువ నీరు అందినంత మేర ఆపిల్ తోటలు పచ్చగా కనబడతాయి.

మాది ఏలూరు ప్రాంతం. చెరువన్నా, సరస్సన్నా నాకు తెలిసింది కొల్లేరే. కొల్లేరులో మనిషి దిగి నడవవచ్చు. ఎండాకాలంలో చాలాచోట్ల నీరు మోకాలి దాటదు. చెలాన్ సంగతి వేరు. పూర్వం ఒక మహా హిమానీనదం కొండల మధ్య దొలిచిన సన్నని లోయలో ఈ నీరు నిలిచింది. పొడవు 50 మైళ్ళు, వెడల్పు చాలా భాగం ఒకటి రెండు మైళ్ళే. లోతు 1,486 అడుగులు. అమెరికాలో ఇంతకంటే లోతైన సరస్సులు రెండే ఉన్నాయి. నీటి ఉపరితలం సముద్రమట్టానికి 1,100 అడుగుల ఎత్తున ఉన్నప్పటికీ, అడుగు మాత్రం సముద్రమట్టానికి దాదాపు 390 అడుగుల దిగువన ఉంటుంది. 1927లో కట్టిన ఆనకట్ట వలన నీటిమట్టం 21 అడుగులు పెరిగింది. చెలాన్ అనే పేరుకు అక్కడి ఆదివాసుల భాషలో 'లోతైన నీరు' అని అర్థం చెబుతారు. ఆగ్నేయ కొసన చెలాన్ పట్టణం. వాయవ్య కొసన స్టెహీకిన్ అనే చిన్న ఊరు. ఆ ఊరికి బయటినుంచి రోడ్డు లేదు. పడవలోనో, నీటిమీద వాలే విమానంలోనో, కాలినడకనో వెళ్ళవలసిందే.

మరునాడు శనివారం. ఫజర్ నమాజ్ ఒడ్డునే చేసుకున్నాము. సరస్సు నీటితో వుజూ చేస్తుంటే వేళ్ళు జిల్లుమన్నాయి. ఇంకా చీకటి విడవకముందే పడవను నీటిలోకి దింపారు. ఈ చేపలు తొలివెలుగు వేళ చురుకుగా ఉంటాయట. మనవడు నాకు ప్రాణరక్షక కోటు తొడిగి, బెల్టులు బిగించి, "కదలకుండా కూర్చోండి దాదా" అని ఆజ్ఞాపించాడు.

వాళ్ళు పట్టబోయే చేప పేరు కొకనీ. ఈ మాట కూడా ఆ ప్రాంతపు ఆదివాసుల భాషలనుంచే వచ్చింది. ఇది సాల్మన్ జాతిలోనిదే. సాకై అనే ఎర్ర సాల్మన్ ఏటిలో పుట్టి, పసిఫిక్ మహాసముద్రానికి పోయి, పెరిగి, తిరిగి పుట్టిన ఏటికే వచ్చి గుడ్లు పెట్టి చనిపోతుంది. కొకనీ ఆ సాకై చేపే. కాకపోతే సముద్రాన్ని చూడదు. సరస్సునే సముద్రంగా చేసుకుని అక్కడే పెరుగుతుంది. అందుకే సాధారణంగా ఒక అడుగు, అడుగుంపావుకు మించదు. మూడు నాలుగేళ్ళకు, శరదృతువులో, వెండిరంగు ఒళ్ళు ఎర్రబడి, తల ఆకుపచ్చగా మారి, మగచేపకు మూపు పొడుచుకువచ్చి, వాగులోకి ఎదురెక్కి గుడ్లుపెట్టి మరణిస్తుంది. తీపినీరు, ఉప్పునీరు రెండూ సమానం కావనీ, అయినా రెండింటినుంచీ మీకు తాజా మాంసం దొరుకుతున్నదనీ సూరహ్ ఫాతిర్‌లో అల్లాహ్ గుర్తుచేసిన సంగతి మనందరికీ తెలిసిందే. ఒకే జాతి చేప ఆ రెండు నీళ్ళలోనూ బ్రతుకుతుందని నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది.

ఇక పట్టే పద్ధతి. మా కొల్లేరు జాలరి మాదిరిగా గాలం వేసి గట్టున కూర్చుంటే కొకనీ దొరకదు. దానికి చల్లదనం కావాలి. పది పన్నెండు సెల్సియస్ డిగ్రీల నీరంటే ఇష్టం. వేసవిలో పైనీరు వేడెక్కగానే అది అరవై, ఎనభై, వంద అడుగుల లోతుకు దిగిపోతుంది. సన్నని నైలాను దారం, చిన్న గాలం అంత లోతుకు వాటంతట అవి దిగవు. పడవ కదులుతుంటే పైకి తేలిపోతాయి. దీనికోసం డౌన్‌రిగ్గర్ అనే పరికరాన్ని పడవ అంచుకు బిగిస్తారు. చూడటానికి బావి గిలక వంటిది. చక్రానికి ఉక్కుతీగ చుట్టి ఉంటుంది, తీగ చివర పది పౌండ్ల సీసపు గుండు. గుండు దగ్గర ఒక చిన్న క్లిప్పు. గాలపు దారాన్ని పదిహేను ఇరవై అడుగులు వెనక్కి వదిలి, ఆ క్లిప్పుకు పట్టించి, గుండును నీటిలోకి దింపుతారు. ఎన్ని అడుగులు దిగిందో చక్రం పక్కనున్న అంకెలు చెబుతాయి. పడవలోని చిన్న తెరమీద చేపలు వంకర గీతలుగా, మన గుండు ఒక సన్నని గీతగా కనబడతాయి. చేపలు ఎంత లోతున ఉన్నాయో చూసి గుండును అక్కడే నిలుపుతారు. గాలపు కర్ర దారం బిగువుకు విల్లులా వంగి ఉంటుంది. చేప కరిచిన క్షణంలో దారం క్లిప్పునుంచి ఊడిపోతుంది. వంగిన కర్ర ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. అప్పటినుంచి చేపకూ మనిషికీ మధ్య బరువేమీ ఉండదు, దారం తప్ప.

గాలానికి ముందు డాడ్జర్ అనే లోహపు రేకు ఉంటుంది. అది అటూ ఇటూ ఊగుతూ చిన్నచేపల గుంపు మెరిసినట్లు మెరుస్తుంది. దాని వెనుక చిటికెన వేలంత గులాబీరంగు ప్లాస్టిక్ కుచ్చు. గాలం మొనకు తెల్ల మొక్కజొన్న గింజ ఒకటి! నాకు నవ్వు వచ్చింది. కొకనీ ఆహారం నీటిలో తేలే కంటికి ఆననంత చిన్న జీవులు. వాటిని మొప్పల్లోని దువ్వెనవంటి ఎముకలతో వడగట్టుకుని తింటుంది. మొక్కజొన్న పొలం ముఖం ఎరుగని చేపకు గింజ ఎందుకు? ఆకలివల్ల కాదు, తన దారిలోకి వచ్చిన వస్తువుమీద కోపంతో కరుస్తుందని అక్కడి జాలర్లు చెబుతారట. కోపమే ప్రాణం తీస్తుందన్నమాట. ఈ పాఠం నాకు కొత్తదేమీ కాదు.

పడవ గంటకు మైలుంపావు వేగంతో సాగుతుంది. అంటే ముసలివాడి నడక. నేరుగా పోనివ్వరు. పాము పాకినట్లు వంపులు తిప్పుతారు. తిరిగేటప్పుడు బయటివైపు గాలం వేగం పుంజుకుంటుంది, లోపలివైపుది మందగిస్తుంది. ఆ మార్పే చేపను రెచ్చగొడుతుంది. ఇదంతా వివరిస్తూనే అబ్బాయి మధ్య మధ్య దారాలను పైకి లాగి చూస్తున్నాడు. ఎందుకని అడిగాను. "క్లిప్పు బిగుతుగా ఉంటే చిన్నచేప కరిచినా దారం ఊడదు అబ్బాజాన్. మనకు తెలియకుండానే దాన్ని గంటసేపు ఈడ్చుకుపోతాము. అందుకే క్లిప్పు వదులుగా పెడతాను, అప్పుడప్పుడు తీసి చూస్తాను" అన్నాడు. నేను మరేమీ అడగలేదు. చేపను జబహ్ చేయవలసిన అవసరం లేదని షరీఅత్ సడలింపు ఇచ్చింది. దాన్ని హింసించడానికి మాత్రం సడలింపు ఇవ్వలేదు. ప్రాణం తీయవలసివస్తే అందులోనూ ఉత్తమరీతిని పాటించమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేసిన బోధను నేను ఏటేటా తరగతిలో చెబుతాను. క్లిప్పు బిగువు గురించి ఏనాడూ ఆలోచించలేదు.

అయినప్పటికీ మనసులోని మాట అడిగేశాను. "ఇది ఆహారంకోసమా, ఆటకోసమా?" ఉబుసుపోకకు ప్రాణి జోలికి పోవడాన్ని మన ధర్మవేత్తలు ఇష్టపడలేదు. వాడు చుక్కాని పట్టుకునే జవాబిచ్చాడు. "ఆట లేదని చెప్పను. ఇక్కడికి వస్తే వారమంతా బిగుసుకున్న మనసు వదులవుతుంది. కానీ పట్టినవి తింటాము, ఇరుగుపొరుగుకు ఇస్తాము. పట్టి, ఫొటో తీసి, వదిలేసే ఆట కొకనీతో ఆడను. దీని నోరు మెత్తన, గాలానికి చిరిగిపోతుంది. పైగా లోతులోని చల్లటి నీటినుంచి వెచ్చటి పైనీటికి వచ్చిన చేపను వదిలినా బ్రతుకుతుందన్న నమ్మకం లేదు." ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

చాలాసేపు చేప పడలేదు. అప్పుడు వాడు చెప్పిన ఒక కథ ఇక్కడ రాయకుండా ఉండలేను. మోంటానా రాష్ట్రంలో ఫ్లాట్‌హెడ్ అనే పెద్ద సరస్సు ఉంది. అక్కడ కొకనీని 1916లో తెచ్చి వదిలారు. అది బాగా వృద్ధి చెందింది. శరదృతువులో గ్లేసియర్ జాతీయవనంలోని మెక్‌డొనాల్డ్ వాగులోకి లక్షకు పైగా చేపలు ఎదురెక్కేవి. వాటికోసం తెల్లతల గ్రద్దలు వందలకొద్దీ వచ్చి చెట్లమీద వాలేవి. 1981లో ఒక్కరోజు లెక్కలో 639 గ్రద్దలు కనబడ్డాయి. ఇంకా పెద్ద చేపలు కావాలని, వాటికి మేతగా ఉంటుందని, అధికారులు మైసిస్ అనే చిన్న రొయ్యను ఎగువ సరస్సుల్లో 1968 నుంచి వదిలారు. ఆ రొయ్య ప్రవాహంతోపాటు దిగివచ్చి 1981లో ఫ్లాట్‌హెడ్‌లో కనబడింది. అది పగలంతా సరస్సు అడుగున దాగి ఉంటుంది. కొకనీ పగటివేళ కంటితో చూసి మేస్తుంది, కాబట్టి దానికి అందదు. రాత్రి పైకి వచ్చి, కొకనీ తినవలసిన సూక్ష్మజీవులనే తినేస్తుంది. అడుగున తిరిగే లేక్ ట్రౌట్ అనే పెద్దచేపలు ఆ రొయ్యలను తిని బలిసి, వచ్చి కొకనీ మీద పడ్డాయి. 1980ల చివరికి ఆ వాగులో కొకనీ దాదాపు లేకుండా పోయింది. 1989లో గ్రద్దలు 25. మేతకని వేసినది మేతను మింగింది. త్రాసును అల్లాహ్ నిలిపాడు, మీరు దాన్ని తారుమారు చేయకండి అన్న హెచ్చరికను మనం సాధారణంగా అంగడిలోని తూనికలకే అన్వయిస్తాము. చెలాన్‌లో కూడా ఆ రొయ్య ఉన్నదట. కొకనీ కూడా ఇక్కడ బయటినుంచి తెచ్చినదే. ఇక్కడ అంతటి నాశనం జరగలేదు. అందుకే చేపల సంఖ్యను ప్రభుత్వం కనిపెట్టి చూస్తుంది. ఏ సరస్సులో రోజుకు మనిషికి ఎన్ని పట్టవచ్చో నిర్ణయిస్తుంది. లైసెన్సు రుసుము కూడా ఆ సంరక్షణకే ఉపయోగపడుతుంది. "అందుకే మీకూ తీసుకుంటానన్నాను" అని మాత్రం వాడు అనలేదు.

ఎండ కొండల అంచుమీదికి వచ్చేవేళకు ఎడమవైపు కర్ర లేచి నిలబడింది. మనవడు కేక పెట్టి దాన్ని అందుకున్నాడు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు లైసెన్సు అక్కరలేదు. చిన్న చేతులు, పెద్ద రీలు. చేప అటూ ఇటూ దూకుతోంది. లాగకు, బిగువు తప్పనివ్వకు అని తండ్రి చెబుతూ చేతివల పట్టుకుని అంచుకు వంగాడు. సరిగ్గా అప్పుడే కుడివైపు కర్ర కూడా లేచింది.

అది మా అబ్బాయి కర్ర. వాడి రెండు చేతులూ వలమీద ఉన్నాయి. కర్ర కొస వణికిపోతోంది, దారం వదులవుతోంది. నేను లేచాను. ఎప్పుడు లేచానో తెలియదు. కర్రను గూటినుంచి తీసి రీలు తిప్పసాగాను. నా యాభై ఆరేళ్ళ జీవితంలో అటువంటి స్పర్శ ఎరుగను. ఎనభై అడుగుల చీకటినుంచి ఒక ప్రాణి నా మణికట్టుతో మాట్లాడుతోంది. కదలకుండా కూర్చోమన్న మాట, ఆట వద్దన్న నా మాట, ఏదీ గుర్తులేదు. వెండి పలకలాంటి చేప నీటిపైన మెరిసింది. మనవడి చేప అప్పటికే వలలో పడింది. అబ్బాయి ఒక్క క్షణం నావైపు చూసి, అదే వలతో దీన్నీ ఎత్తాడు. "సుబ్‌హానల్లాహ్!" అని నేను బిగ్గరగా నవ్వాను.

ఎవరూ నవ్వలేదు. మనవడు తన చేపను వదిలి నన్నే చూస్తున్నాడు. "దాదా, మీకు లైసెన్సు లేదు కదా?"

"గాలం మీ నాన్నది, కర్ర మీ నాన్నది, చేప కరిచింది మీ నాన్న గాలాన్ని. నేను ఊరికే చక్రం తిప్పాను, అంతే కదా" అన్నాను.

మాట నోటినుంచి వెలువడుతూనే దాన్ని నేను గుర్తుపట్టాను. అది నా మాట కాదు. ముప్పై ఏళ్ళుగా నేను పిల్లలకు చెబుతూ వస్తున్న సబ్త్‌వారి మాట. సముద్రతీరంలోని ఆ పట్టణవాసులకు శనివారం నాడు వేట నిషిద్ధమైంది. శనివారం నాడే చేపలు నీటిపైకి తలలెత్తి వచ్చేవి. తక్కిన రోజుల్లో వచ్చేవి కావు. వారు శుక్రవారం వలలు పన్ని, ఆదివారం తీసుకున్నారని తఫ్సీర్ గ్రంథాలు వివరిస్తాయి. మేము శనివారం పట్టలేదు కదా, వల ఊరికే అక్కడ ఉంది, అంతే కదా అన్నారు. ఆ పట్టణంలో మూడు వర్గాలు ఉండేవి: హద్దు మీరినవారు, వారించినవారు, మౌనంగా ఉండిపోయినవారు. పద్దెనిమిది అడుగుల మా పడవలో ముగ్గురమే ఉన్నాము. ముగ్గురమూ మూడు వర్గాలము. ఆ రోజు శనివారమన్న సంగతి కూడా అప్పుడే స్ఫురించింది.

ఆ జాతికి ఆ నిషేధం దైవశాసనం. నాకు ఎదురైనది ఒక దేశపు నిబంధన. రెండూ ఒకటని నేను అనడం లేదు. కాని వీసా తీసుకుని ఒక దేశంలో అడుగుపెట్టినవాడు అక్కడి చట్టాన్ని పాటిస్తానని ఒడంబడిక చేసుకున్నట్లే. ఒడంబడికను గురించి ప్రళయదినాన ప్రశ్న ఉంటుందని చదువుకున్నవాణ్ణి నేను.

"బేటా, నువ్వు ఎందుకు చెప్పలేదు?" అని అబ్బాయిని అడిగాను.

"మీరు అబ్బాజాన్ కదా. మీకు నేను ఏమి చెప్పను?" అన్నాడు. కొంచెం ఆగి, "నేనే కర్ర అందుకోవలసింది. వలను వాడికి ఇచ్చి ఉండవలసింది. తప్పు నాది కూడా" అన్నాడు.

వలలో నా చేప ఇంకా కొట్టుకుంటోంది. పెదవి చిరిగి ఒక మొప్ప దగ్గర నెత్తురు సన్నగా కారుతోంది. ఇప్పుడు ఏమి చేయాలి? వాడు నన్ను చూశాడు. వాడికి తెలియక కాదు. ఇది మీ శాస్త్రం, మీరే చెప్పండి అన్నట్లు. చేప హలాలే, అందులో సందేహం లేదు. వదిలిన తరువాత చచ్చి తేలినా, దానంతట అది చచ్చి తేలిన చేపకు మన హనఫీ ఫిఖహ్‌లో ఉన్న అభ్యంతరం దీనికి వర్తించదు. గాలం దెబ్బకు చచ్చినది కనుక. కాబట్టి తినడానికి అడ్డులేదు. ఉంచుకోవడానికి అడ్డు ఉంది. వదిలితే బ్రతుకుతుందన్న నమ్మకం లేదు. ఒక ప్రాణి వృథా అవుతుంది. ఉంచుకుంటే మాట తప్పినట్లవుతుంది. పైగా తొమ్మిదేళ్ళ పిల్లవాడు కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాడు. దాదా పట్టిన చేపను ఆ రాత్రి వాడు తింటే, చేపతోపాటు 'అంతే కదా' అన్న మాటను కూడా తింటాడు.

"వదిలేయండి" అన్నాను.

అబ్బాయి దాన్ని గట్టుమీదికి కూడా తేలేదు. వలను నీటిలోనే ఉంచి, చేయి తడుపుకుని, గాలాన్ని నెమ్మదిగా విడిపించాడు. తలను కిందికి ఉంచి కొంతసేపు పట్టుకున్నాడు. చేప మొప్పలు రెండు మూడుసార్లు తెరుచుకున్నాయి. వాడు చేయి వదిలాడు. అది ఒక పక్కకు ఒరిగి, కొంచెం దిగి, ఆగి, మళ్ళీ ఒక్కసారి తోక విదిలించింది. కిందికి వెళ్ళింది. తనంతట తాను ఈదిందో, బరువుకు దిగిందో చెప్పలేను. ఆ నీరు చాలా లోతు.

మనవడి చేపకు అబ్బాయి తలమీద చిన్న కర్రతో ఒక్క దెబ్బ వేసి, మొప్ప కోసి నెత్తురు పోనిచ్చి, మంచులో పెట్టాడు. క్షణంలో ముగిసింది. తరువాత గంటన్నరలో వాళ్ళిద్దరికీ మరో ఆరు పడ్డాయి. నేను చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఎండ పెరిగాక ఒడ్డుకు వచ్చి పట్టణంలోని ఒక దుకాణానికి వెళ్ళాము. ఒక్కరోజు లైసెన్సు నా డబ్బుతో నేనే కొనుక్కున్నాను. కాగితంమీద నా పేరు, పుట్టిన తేదీ చూసుకుంటే విచిత్రంగా అనిపించింది. నా సనదు తరువాత ఇంత జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్న కాగితం మరొకటి లేదు. జుహర్, అసర్ చేసుకుని మళ్ళీ నీటిమీదికి వెళ్ళాము. ఈసారి నాకంటూ ఒక కర్ర ఇచ్చారు. దారం ఎట్లా క్లిప్పుకు పట్టించాలో, గుండును ఎంత నెమ్మదిగా దింపాలో మనవడు నేర్పాడు. ఒకటికి రెండుసార్లు తప్పు చేస్తే, నేను తరగతిలో చేసినట్లే, మళ్ళీ మొదటినుంచి చేయించాడు.

సాయంత్రం ఆరునుంచి చీకటి పడేవరకు, మొత్తం మూడు గంటలు, అరవై అడుగులు, ఎనభై అడుగులు, నూటపది అడుగులు. గులాబీ కుచ్చు తీసి నారింజరంగుది కట్టారు. తెరమీద చేపల వంకర గీతలు గుంపులుగా కనబడుతూనే ఉన్నాయి. నా కర్ర ఒక్కసారి కూడా లేవలేదు. చివరికి మనవడే, "దాదా, పొద్దున లైసెన్సు లేనప్పుడు వచ్చింది, ఇప్పుడు ఉంటే రావడం లేదు!" అన్నాడు. తండ్రి ముఖం తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. నేను ఆపుకోలేదు. ఆ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని సబ్త్‌వారి కథ మొదటినుంచి చెప్పాను. ఉదయం నేనన్న మాట ఆ కథలో ఎవరిదో కూడా చెప్పాను. "అయితే నేను మంచివాళ్ళ గుంపులో ఉన్నానా?" అని అడిగాడు. ఉన్నావన్నాను.

బస దగ్గర చేపలను ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి పెనంమీద వేయించాడు మా అబ్బాయి. మాంసం ముదురు నారింజరంగులో ఉంది. అది తినే సూక్ష్మజీవుల రంగే దాని కండకు పడుతుందట. మా కోడలు కట్టి ఇచ్చిన పప్పు, అన్నంతో తిన్నాము. కొల్లేరు కొరమేనుతో పోల్చను. దాని రుచి దానిది.

ఇషా వేళకు పదిన్నర దాటింది. ఒడ్డున గడ్డిమీద దుప్పటి పరిచాము. ఎప్పుడూ ముగ్గురిలో ఇమామత్ నాదే. ఆ రాత్రి నేను వెనక్కి జరిగి, "నువ్వు చేయించు" అన్నాను. వాడు వద్దన్నాడు. రెండోసారి అన్నాను. ముందుకు వెళ్ళాడు. ప్రయాణీకులము గనుక రెండే రకాతులు. మొదటి రకాతులో ఫాతిహా తరువాత ఏదైనా చిన్న సూరహ్ అందుకుంటాడనుకున్నాను. సూరహ్ అల్‌అఅ్‌రాఫ్‌లోని ఆ ఘట్టాన్ని, సముద్రతీర పట్టణాన్ని గురించి అడగమన్న చోటినుంచి అందుకున్నాడు. పాతికేళ్ళ కిందట నా ఎదుట కూర్చుని అప్పజెప్పిన స్వరమే, కొంచెం మందగించింది. మౌనంగా ఉన్నవారు వారించినవారిని ప్రశ్నించే ఆయతు వరకు తడుముకోకుండా వచ్చాడు. తరువాతి ఆయతు మొదట్లో ఆగిపోయాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. నేను వెనుకనుంచి మెల్లగా ఒక్క మాట అందించాను. వాడు అందుకుని ముందుకు సాగాడు.